మురుగునీటిలో రేడియోధార్మికత: ఒక మాట చరిత్ర

మా కేంద్రమునకు శ్రోతలు వ్రాయు ఉత్తరములలో వైద్యమునకు సంబంధించిన సందేహములు తరచుగా ఉండును. వానిలో ఒకటి ఇటీవల మా దృష్టిని ప్రత్యేకముగా ఆకర్షించినది. థైరాయిడ్ గ్రంథికి జబ్బుచేసిన ఒక ఇల్లాలికి ఆసుపత్రిలో రేడియోధార్మిక అయోడిన్ మందిచ్చి, కొన్ని దినముల తరువాత ఇంటికి పంపిరట. ఆమె వాడిన నీరు వీధిలోని మురుగుకాలువలో కలియునని తెలిసి ఇరుగుపొరుగువారు కలవరపడిరి. 'ఆ నీటివలన ఊరికి హాని కలుగదా?' అని ఒకరనిరి. 'అంత నీటిలో ఆ పాటి మందు ఏమగును? చెదరిపోయి జాడ లేకుండ పోవును' అని మరియొకరు బదులు చెప్పిరి.

ఈ రెండు మాటలలోను కొంత సత్యమున్నది, కొంత పొరపాటున్నది. విశేషమేమనగా, గడచిన డెబ్బది యేండ్లకు పైగా శాస్త్రజ్ఞులును, ప్రభుత్వములును, నగరముల మురుగుశాఖలును పెద్దయెత్తున వాదించుకొనుచు వచ్చినది ఈ రెండు మాటలనే. వారు ఎక్కడ పొరబడిరో, ఆ పొరపాటు ఎట్లు బయటపడినదో, ఇట్టి హాని పెద్దదో చిన్నదో తేల్చుటకు నేడు ఏ మార్గమున పోవుచున్నారో తెలిసికొనినచో, ఆ ఇల్లాలి పొరుగువారికి కూడ సమాధానము దొరకును. ఆ చరిత్ర ఎక్కువ భాగము అమెరికాలో నడచినది. కొంత జపానులో నడచినది. దాని కొస మన ఇంటి గడపవరకు వచ్చినది.

ముందుగా మురుగుకాలువ యనగా ఏమో చూతము. 1858 వేసవిలో లండను నగరమున థేమ్సునది దుర్గంధము భరింపరానిదై, పార్లమెంటు భవనములోని సభ్యులు సైతము ముక్కు మూసికొనవలసివచ్చెను. ఆ తరువాతనే బాజల్‌గెట్ అను ఇంజనీరు ఆ నగరమునకు గొప్ప మురుగుకాలువలు త్రవ్వించెను. మన హైదరాబాదులో 1908వ సంవత్సరపు మూసీ వరద తరువాత వరదల కట్టడితోపాటు మురుగు పారుదల పథకమునుకూడ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు రూపొందించిరి. ఇట్టి పనులన్నింటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే: మలినమును నీటితో కలిపి జనావాసమునకు దూరముగా పంపవలెను. నీరు కడిగివేయును, దూరము మరపించును.

కాని 1914లో ఒక మార్పు వచ్చెను. ఇంగ్లాండులోని మాంచెస్టరు నగరమున ఆర్డెర్న్, లాకెట్ అను ఇరువురు రసాయన శాస్త్రజ్ఞులు మురుగునీటికి గాలి పట్టించి, అందులోని సూక్ష్మజీవులచేతనే నీటిని శుభ్రపరచు పద్ధతిని వెల్లడించిరి. నేటికిని ప్రపంచమున అనేక నగరములు అనుసరించునది ఆ మార్గమే. ఈ పద్ధతిలో సూక్ష్మజీవులు మలినమును తిని వృద్ధియై, గుంపులుగా చేరి అడుగునకు దిగును. పైన తేరిన నీటిని నదిలోనికి విడుతురు. అడుగున మిగిలిన దానిని మడ్డి అందము. ఆ మడ్డిని కొన్నిచోట్ల పొలములకు ఎరువుగా వేయుదురు. కొన్నిచోట్ల గోతులలో పూడ్చుదురు. మరికొన్నిచోట్ల పెద్ద కొలుములలో కాల్చి బూడిద చేయుదురు.

ఇచ్చట ఒక విషయమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. కాలువ చెదరగొట్టును, కాని కాలువ చివరనున్న శుద్ధికేంద్రము పోగుచేయును. వేలకొలది ఇండ్లనుండి పలుచగా వచ్చినదానిని ఒక్కచోట చిక్కబరచుటయే దాని వృత్తి. ఈ చిన్న సత్యము మురుగు ఇంజనీర్లకు తెలియును. అణుశక్తిని గూర్చి నియమములు వ్రాసినవారి దృష్టికి అది చాలకాలము వరకు తగినంతగా రాలేదు. మన కథ అంతయు ఈ రెండు తెలివిడుల మధ్యనున్న ఎడమునుగూర్చియే.

1941లో అమెరికాలోని బోస్టను నగరమున సాల్ హెర్ట్జ్ అను వైద్యుడు థైరాయిడ్ జబ్బుగల రోగికి తొలిసారి రేడియోధార్మిక అయోడిన్ మందుగా ఇచ్చెను. అప్పుడు ఆ పదార్థము మిక్కిలి అరుదైనది. యుద్ధము ముగిసిన పిమ్మట, 1946 ఆగస్టు 2వ తేదీన టెనెస్సీ రాష్ట్రములోని ఓక్‌రిడ్జ్ అణుకేంద్రమునుండి రేడియోధార్మిక పదార్థము తొలిసారిగా ఒక ఆసుపత్రికి సరఫరా అయ్యెను. అటుపిమ్మట అణురియాక్టరులలో తయారైన అయోడిన్, భాస్వరము మొదలైనవి వైద్యులకు సులభముగా లభింప నారంభించినవి. రోగికి మేలు కలిగెను. కాని ఆ మందులో శరీరము ఉంచుకొనని భాగము మూత్రముతో బయటికి వచ్చును. దానిని ఏమి చేయవలెను?

1951లో అమెరికా ప్రమాణముల సంస్థ ఈ ప్రశ్నకు సమాధానముగా ఒక చిన్న పుస్తకము ప్రచురించినది. అందులో భాస్వరము 32, అయోడిన్ 131 అను రెండింటిని ఆసుపత్రులు ఏ మేరకు మురుగులోనికి విడువవచ్చునో వివరింపబడినది. ఆ యోచన తెలివితక్కువది కాదు. రేడియోధార్మిక పదార్థమునకు అర్ధాయువు అను లక్షణమొకటి కలదు. ఆ కాలము గడచుసరికి దాని శక్తి సగమగును. మరల అంతకాలము గడచుసరికి ఆ సగములో సగమగును. అయోడిన్ 131కి అర్ధాయువు 8 దినములు. 40 దినములలో అది 32వ వంతునకు తగ్గును. 80 దినములు గడచినచో 1024వ వంతు మాత్రమే మిగులును. ఒకవైపు కాలము దానిని కరిగించుచుండగా, మరియొకవైపు నగరపు నీరంతయు దానిని పలుచన చేయుచున్నది. భయమునకు తావెక్కడ అని వారు తలచిరి.

ఆ తరువాత 1957లో అమెరికా అణుశక్తి సంఘము దేశమంతటికి వర్తించు వికిరణ రక్షణ నియమములను ప్రకటించినది. వాని ప్రకారము అనుమతి పొందిన సంస్థలు కొన్ని హద్దులకు లోబడి రేడియోధార్మిక పదార్థమును మురుగులోనికి విడువవచ్చును. ఒక సంస్థ ఏడాదికి విడుచు మొత్తము 1 క్యూరీకి మించరాదు. రోగుల మలమూత్రములకు ఈ హద్దు వర్తింపదు. ఇక ముఖ్యమైన షరతు ఒకటి: విడుచు పదార్థము నీటిలో సులభముగా 'కరుగునదైనను' కావలెను, లేక 'చెదరునదైనను' కావలెను.

ఈ 'చెదరునది' అను మాటయే మన కథకు మూలము. పంచదార నీటిలో కరుగును. సున్నపుపొడి నీటిలో కలియబెట్టినచో తెల్లగా చెదరును గాని, చాలవరకు కరుగదు. కొంతసేపు కదలకుండ ఉంచినచో అడుగునకు చేరును. నియమము వ్రాసినవారి దృష్టి నీరు పారుచున్నంత దూరమే ప్రసరించినది. నీరు నిలిచిన చోట ఏమగునో చూడలేదు. మురుగుశుద్ధి కేంద్రములో నీటిని నిలువబెట్టుటకే తొట్లు కట్టుదురు గదా!

ఈ లోపము సుమారు పాతికయేండ్ల వరకు పెద్దగా బయటపడలేదు. 1983లో న్యూయార్కు రాష్ట్రమందలి టొనవాండా అను పట్టణములో మురుగు మడ్డిని కాల్చిన బూడిదయందు అమెరీషియం 241 కనబడెను. ఇండ్లలో పొగను పసికట్టి గంట మ్రోగించు చిన్న పరికరములు కలవు. వానిలో ఈ పదార్థమును రవ్వంత అమర్చుదురు. ఆ పరికరములకు వలసిన రేకులను తయారుచేయు కర్మాగారమొకటి ఆ ఊర ఉండెను. అచ్చటినుండి మురుగులోనికి పోయిన అమెరీషియం మడ్డిలో చేరి, కొలిమిలో కాలి, బూడిదలో చిక్కబడినది. ఆ బూడిద పట్టణపు చెత్తగోతికి కూడ పోయినది. అమెరీషియం అర్ధాయువు 432 సంవత్సరములు. అయోడిన్‌వలె రెండుమూడు నెలలు ఓపిక పట్టినచో పోవునది కాదు. దాని కిరణములలో ముఖ్యమైనవి మన చర్మమును కూడ దాటలేవు. కాని దుమ్ముగా ఊపిరితిత్తులలోనికి పోయినచో అచ్చటనే ఉండి హాని చేయగలవు. బూడిద దుమ్ముగా లేచునని వేరుగ చెప్పనక్కరలేదు.

అంతకంటె విచిత్రమైనది ఒహాయో రాష్ట్రములోని క్లీవ్‌లాండు నగరపు సంగతి. 1991లో వికిరణమును కొలుచు పరికరములతో ఒక హెలికాప్టరు ఆ ప్రాంతముపై ఎగిరెను. అది వెదకుచున్నది మురుగుకేంద్రమును కాదు. వేరొక పాత పారిశ్రామిక స్థలమును. కాని సదర్లీ అను మురుగుశుద్ధి కేంద్రముపైకి వచ్చునప్పటికి పరికరములోని ముల్లు కదలెను. పరీక్షింపగా మడ్డి బూడిద నిలువచేసిన చోట్ల కోబాల్టు 60 ఉన్నదని తేలెను. క్యాన్సరు చికిత్స చేయు యంత్రములకు కోబాల్టును అమర్చు సంస్థ ఒకటి ఆ నగరములో ఉండెను. కోబాల్టు 60కి అర్ధాయువు 5 సంవత్సరములకు కొంచెము పైన. దాని గామా కిరణములు గోడలను కూడ దూసికొని పోగలవు.

ఇందులో మనలను ఎక్కువగా ఆలోచింపజేయునది కోబాల్టు కాదు. ఆ కేంద్రములో ప్రతిదినము పనికి వచ్చి, బూడిద ఎత్తి, తొట్లు కడిగి, సాయంకాలము ఇంటికి పోవు పనివారిలో ఎవరికిని ఆ సంగతి తెలియకపోవుట. కర్మాగారమునకు అనుమతి పత్రమున్నది. దాని గోడలకు హెచ్చరిక బిళ్లలున్నవి. అందులోని పనివారి రొమ్ములపై వికిరణమును కొలుచు బిళ్లలున్నవి. అచ్చటినుండి కాలువలో వచ్చినదానిని ఎత్తిపోయువాని వద్ద చీపురు, పార తప్ప ఏమియు లేవు. నియమము పంపువానిని చూచినది, అందుకొనువానిని చూడలేదు.

ఈ మాట ఆ మురుగుశాఖవారే అనిరి. 1993లో వారు అణు నియంత్రణ సంఘమునకు ఒక వినతి పంపిరి. ఏ సంస్థయైనను రేడియోధార్మిక పదార్థమును మురుగులోనికి విడుచుటకు కనీసము 24 గంటల ముందుగా ఆ మురుగుకేంద్రమునకు తెలియజేయవలెనని వారు కోరిరి. ఆ కోరిక చివరకు నెరవేరలేదు. అయినను అది వేసిన ప్రశ్న నిలిచిపోయినది.

ఇంతలో నియమముకూడ మారెను. 1991లో అణు నియంత్రణ సంఘము తన నియమములను తిరుగవ్రాసినది. అవి 1994 జనవరి 1వ తేదీనుండి తప్పనిసరిగా అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము మురుగులోనికి విడుచు పదార్థము సులభముగా కరుగునదై యుండవలెను. చెదరునదైన చాలునన్న వెసులుబాటు జీవసంబంధమైన పదార్థమునకు మాత్రమే మిగిలెను. లోహపు పొడికి, కరుగని రసాయనములకు ఆ ద్వారము మూసివేయబడినది. 1957లో వ్రాసిన ఒక మాటను సరిదిద్దుటకు 34 సంవత్సరములు పట్టినవి.

అయితే కరుగుట మాత్రము చాలునా? చాలదు. కరిగినదానిని కూడ సూక్ష్మజీవులు తమలోనికి గ్రహింపగలవు. మడ్డిలోని సన్నని రేణువులు పట్టుకొనగలవు. రోగుల శరీరమునుండి వచ్చు అయోడిన్ కరిగియే వచ్చును. అయినను మడ్డిలో కనబడుచునే యున్నది. 1994 మేనెలలో అమెరికా శాసనసభకు లెక్కలు, పనులు తనిఖీచేసి చెప్పు కార్యాలయము ఒక నివేదిక సమర్పించినది. దేశములోని మురుగుకేంద్రములలో ఎన్ని ఈ విధముగ కలుషితమైనవో ఎవరికిని పూర్తిగా తెలియదని ఆ నివేదిక సారాంశము. వేల కేంద్రములున్న దేశమున కొలిచి చూచినవి కొద్ది మాత్రమే. తెలియకుండుటను హాని లేకుండుటగా ఎంచరాదని అప్పటికి అందరును గ్రహించిరి.

అందుచేత అమెరికాలో వికిరణముతో సంబంధముగల ప్రభుత్వశాఖలు కలిసి ఒక సంఘముగా ఏర్పడి పరిశీలనకు పూనుకొన్నవి. దేశము నలుమూలల 313 మురుగుకేంద్రములనుండి మడ్డిని, బూడిదను సేకరించి పరీక్షించిరి. ఫలితములు 2003లో వెలువడినవి. కర్మాగారముల పాపము బయటపడునని ఎదురుచూచినవారికి అవి ఆశ్చర్యము కలిగించియుండును. ఎక్కువ నమూనాలలో కనబడినవి ఏవి? మన ఆహారములో సహజముగా ఉండు పొటాషియం 40. ఆకాశమునుండి వచ్చు విశ్వకిరణముల తాకిడికి గాలిలో పుట్టి వానతో దిగు బెరీలియం 7. నేలలోను, లోతు బావుల నీటిలోను ఉండు రేడియం, దాని సంతతి. వీనితోపాటు ఆసుపత్రులనుండి వచ్చు అయోడిన్ 131. అనగా మానవుడు చేసినదానికంటె ప్రకృతి ఇచ్చినదే మడ్డిలో తరచుగా కనబడినది. ప్రకృతి ఇచ్చినదైనను పోగుపడినప్పుడు దానిని లెక్కింపవలసినదే.

ఇక లెక్కించుట ఎట్లు? ఇది మన కథలో అతిముఖ్యమైన ఘట్టము. మడ్డిలో రేడియోధార్మికత ఉన్నదా అని అడిగినచో ఉన్నదనియే జవాబు. కొలుచు పరికరము సున్నితమైనచో అరటిపండులోను ఉన్నది, ఇంటి గోడలోను ఉన్నది. కనుక ఆ ప్రశ్న పనికిరాదు. అడుగవలసినది: ఎవరికి, ఏ దారిని, ఎంతకాలము, ఎంత మోతాదు?

ఆ సంఘమువారు ఏడు విధములైన మనుష్యులను ఊహించుకొనిరి. మడ్డి ఎరువు వేసిన నేలపై తరువాత ఇల్లు కట్టుకొని ఉండువాడు ఒకడు. మడ్డితో బాగుచేసిన పాడునేలలో విహారమునకు పోవువాడు రెండవవాడు. మడ్డి చల్లిన పొలముల దాపున ఊరిలో ఉండువాడు మూడవవాడు. మడ్డి పూడ్చిన గోతికి పొరుగువాడు నాలుగవవాడు. మడ్డి కాల్చు కొలిమి పొగ సోకు ఇంటివాడు ఐదవవాడు. పొలములో మడ్డి చల్లు పనివాడు ఆరవవాడు. మురుగుకేంద్రములోనే పనిచేయువాడు ఏడవవాడు. ఒక్కొక్కని పక్షమున ఆలోచించిరి. అతడు పీల్చు గాలి ఎంత, తిను కూరగాయలెన్ని, మడ్డి కుప్పప్రక్కన నిలుచు గంటలెన్ని అని లెక్కవేసిరి. 1983లోను, 1991లోను ఎవరి కంటికిని ఆనని ఆ ఏడవవానికి 2005 ఫిబ్రవరిలో వెలువడిన నివేదికలో ఒక ప్రత్యేక స్థానము లభించినది.

మోతాదును మిల్లీసీవర్టులలో కొలుతురు. భూమిమీద సగటు మనిషికి ప్రకృతినుండియే ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు అందును. సామాన్య జనులకు ఇట్టి పనులవలన అదనముగా ఏడాదికి 1 మిల్లీసీవర్టు మించరాదని అంతర్జాతీయ నిపుణుల కట్టడి. ఆ సంఘమువారు ఇంకను జాగ్రత్తపడి, లెక్కలో 0.1 మిల్లీసీవర్టుకు లోబడినచో మరేమియు చేయనక్కరలేదనిరి. అంతకు మించినచో నియంత్రణాధికారులను సంప్రదింపుడని మురుగుకేంద్రములకు సలహా ఇచ్చిరి.

తేలినదేమి? దేశవ్యాప్తముగా ప్రజలకు చెప్పుకోదగిన ముప్పు కనబడలేదు. అయితే రెండుచోట్ల జాగ్రత్త అవసరమని తేలినది. ఏండ్ల తరబడి, అనగా 50, 100 సంవత్సరములపాటు, ఒకే నేలలో మడ్డి వేసి, ఆ నేలపై ఇల్లు కట్టినచో, మడ్డిలోని రేడియంనుండి రాడాన్ అను వాయువు పుట్టి ఇంటిలో చేరవచ్చును. అట్లే మురుగుకేంద్రములో గాలి ఆడని గదులలో పెద్దమొత్తముగ మడ్డిని ఎత్తువారికిని ఆ వాయువు సోకవచ్చును. రెండవదానికి మందు ఏమి? కిటికీ తెరచుట, గాలిమరలు పెట్టుట. ఇంత పరిశోధన చేసి చెప్పినది ఇంతేనా యని నవ్వవలదు. భయము ఎక్కడ అక్కరలేదో తెలిసినప్పుడే, జాగ్రత్త ఎక్కడ కావలెనో తెలియును.

ఈ లెక్కలు కాగితముపై ఉండగనే ప్రపంచమునకు ఒక పెద్ద పరీక్ష ఎదురయ్యెను. 2011 మార్చిలో జపానులోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రమున ప్రమాదము జరిగినది. గాలిలోనికి లేచిన సీసియం ఇండ్ల కప్పులపై, వీధులపై పడెను. వాన దానిని కడిగెను. కడిగిన నీరు కొంత మురుగుకాలువలలో చేరెను. కొరియామా నగరములోని మురుగుశుద్ధి కేంద్రము అణుకేంద్రమునకు సుమారు 60 కిలోమీటర్ల దూరముననున్నది. మే 1వ తేదీన ఫుకుషిమా రాష్ట్రాధికారులు ప్రకటించిన వివరముల ప్రకారము అచ్చటి మడ్డిలో కిలోగ్రామునకు 26,400 బెక్వెరెల్‌ల సీసియం ఉండెను. ఆ మడ్డిని మిక్కిలి వేడిలో కరగించి గడ్డకట్టించిన చిట్టెములో 3,34,000 బెక్వెరెల్‌లు ఉండెను. బెక్వెరెల్ అనగా సెకనునకు ఒక పరమాణువు విచ్ఛిన్నమగుట. మడ్డినుండి చిట్టెమునకు వచ్చుసరికి సాంద్రత సుమారు 13 రెట్లయినది. చెదరినది పోగగునని టొనవాండా బూడిద మెల్లగా చెప్పిన పాఠమును ఆ చిట్టెము బిగ్గరగా చెప్పినది.

జపానులో అంతవరకు మురుగు మడ్డిని సిమెంటు తయారీకి విరివిగా ఉపయోగించుచుండిరి. ప్రమాదము తరువాత దానిని తీసికొనుటకు కొనువారు వెనుదీసిరి. మడ్డి సంచులు మురుగుకేంద్రముల ఆవరణలలోనే గుట్టలుగా పేరుకొనెను. అప్పుడు ప్రభుత్వము ఒక హద్దు నిర్ణయించినది: కిలోగ్రామునకు 8,000 బెక్వెరెల్‌లకు మించనిదానిని తగు జాగ్రత్తతో మామూలు గోతులలో పూడ్చవచ్చును. ఈ 8,000 అను సంఖ్య ఎచ్చటినుండి వచ్చినది? దానిని పూడ్చు పనివానికి ఏడాదిలో 1 మిల్లీసీవర్టు మించకుండుటకు ఎంతవరకు ఉండవచ్చునని వెనుకకు లెక్కవేసి తెచ్చినదే. అనగా ఈమారు హద్దు గీయుటకు కొలబద్ద ఆ పనివాని శరీరమే. 1957 నియమమునకును 2011 నియమమునకును గల అసలు భేదము ఇదియే.

ఇక మన దేశమునకు వత్తము. బొంబాయిలో వికిరణ వైద్యకేంద్రము 1963లో నెలకొనెను. అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరు 15న ఏర్పడినది. రేడియోధార్మిక వ్యర్థముల సురక్షిత విసర్జనకు సంబంధించిన నియమములు 1987లో వెలువడినవి. థైరాయిడ్ క్యాన్సరునకు అయోడిన్ పెద్ద మోతాదులో ఇచ్చు ఆసుపత్రులలో రోగులకు ప్రత్యేకమైన గదులుండును. ఆ గదుల మురుగు నేరుగా వీధికాలువలోనికి పోదు. డిలే ట్యాంకులు అను తొట్లలో దానిని ఆపియుంచుదురు. ఒక తొట్టి నిండగనే దానిని మూసి, రెండవదానిలోనికి మళ్లించుదురు. మొదటిదానిలోని అయోడిన్ తగినంత తగ్గిన పిమ్మట, కొలిచి చూచి, విడుతురు. 8 దినములకు సగమను ఆ పాత లెక్కయే ఇచ్చట కావలి కాయును. 1951 నాటి ఆలోచనలో సత్యమైన భాగము ఇది: కాలము నిజముగా తగ్గించును. పొరపాటైన భాగమును తొట్టి సరిదిద్దినది: చెదరగొట్టుటకు ముందు ఆగవలెను.

ఇప్పుడు ఆ ఇల్లాలి సంగతికి వత్తము. పెద్ద మోతాదు తీసికొన్నవారి శరీరమునుండి అయోడిన్‌లో ఎక్కువ భాగము మొదటి రెండుమూడు దినములలోనే వెలుపలికి పోవును. ఆ దినములలో వారు ఆసుపత్రిలోనే ఉందురు. శరీరములోని మోతాదు అనుమతించిన హద్దునకు దిగిన తరువాతనే ఇంటికి పంపుదురు. ఇంటికి వచ్చిన పిమ్మట వెలువడునది కొద్ది. అదియు దినదినము తగ్గునది. వీధి మురుగులో కలిసి అది ఊరివారికి చేయు హాని లెక్కకు అందనంత స్వల్పము. పొరుగువారు కలవరపడి ఆమెను దూరము చేయుటకు కారణమేమియు లేదు.

జాగ్రత్త వలసినది మురుగులో కాదు, ఇంటిలోనే. వైద్యులు చెప్పిన కొద్ది దినములపాటు చంటిపిల్లలను ఒడిలో ఎత్తుకొనకుండుట, గర్భిణీస్త్రీలకు కొంచెము ఎడముగా మెలగుట, పడక వేరుచేసికొనుట, మరుగుదొడ్డిలో నీరు రెండుమారులు పోయుట, చేతులు బాగుగ కడుగుకొనుట. దూరమును, కాలమును పాటించినచో ఇది దాటిపోవు విషయమే. ఎవరికి, ఏ దారిని, ఎంతకాలము, ఎంత అను నాలుగు ప్రశ్నలను ఈ ఇంటికి అన్వయించినచో వచ్చు సమాధానము ఇది.

అయితే అవే ప్రశ్నలను మన వీధిలోని మ్యాన్‌హోలు మూత తెరచి అడిగినచో వేరొక సమాధానము వచ్చును. అందులోనికి దిగు మనిషికి అయోడిన్‌వలన రాగల ముప్పు బహుస్వల్పము. అతని ప్రాణము తీయునది హైడ్రోజన్ సల్ఫైడు మొదలైన విషవాయువులు, గాలి చాలకపోవుట. రక్షణ ఏర్పాట్లు లేక మనుష్యులను మురుగులోనికి దింపుటను నిషేధించుచు 2013లో మన పార్లమెంటు చట్టము చేసినది. చట్టము వచ్చిన తరువాతను ఇట్టి మరణములు ఆగలేదని మనము వార్తలలో వినుచునే యున్నాము. వార్తలు చదువు కేంద్రమువారము గనుక ఈ మాట చెప్పునప్పుడు మాకు మనసు బరువెక్కును. రేడియోధార్మికత అను పేరు వినగనే ఉలికిపడు మనము, పేరులేని ఆ వాయువును ఏల మరతుము? హానిని అంచనా వేయుట యనగా క్రొత్త భయములను లెక్కించుట మాత్రమే కాదు. అలవాటైపోయి కనబడకపోయిన పాతవానిని కూడ ఆ లెక్కలోనికి తెచ్చుట.

'చెదరునది' అను మాటను నియమమునుండి తొలగించుటకు 34 సంవత్సరములు పట్టిన సంగతి పైన చెప్పితిమి. ఆ మాటను వ్రాసినవారు దుర్మార్గులు కారు. నాటి విజ్ఞానముతో మేలు కోరియే వ్రాసిరి. వారు కాలువ మొదట నిలిచి చూచిరి. కాలువ చివర నిలిచి చూచువారు అచ్చట లేకపోయిరి. మనము తూములో పోసిన ప్రతిదియు ఎక్కడికో పోవునని అనుకొందుము. ఆ ఎక్కడ అనుచోట ఒక తొట్టి ఉన్నది, తొట్టి ప్రక్కన ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషిని మొదట తలచుకొని వ్రాసిన నియమమే మిగిలిన మనందరిని కూడ కాపాడును.